చదువు ఎవరి కోసం? గుంటూరు డాక్టరమ్మ సిస్టర్ మేరీ గ్లౌరీ జీవితం



గుంటూరులోని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి పేరు వినని కథోలిక కుటుంబం మన తెలుగు నేల మీద అరుదు. మన అనకాపల్లి నుండి రైలెక్కితే పూట ప్రయాణం. అక్కడ నర్సింగు చదివినవారు, కాన్పులు పోసుకున్నవారు మన మేత్రాసనాలన్నింటా ఉన్నారు. అయితే ఆ ఆసుపత్రిని తన చేతులతో పెంచిన డాక్టరమ్మ గురించి అడిగితే మాత్రం, విదేశాల నుండి వచ్చిన ఒక సిస్టరుగారు అని చెప్పి ఊరుకుంటాం. ఆమె పేరు మేరీ గ్లౌరీ. సన్యాస నామం తిరుహృదయ మరియమ్మ. ఆమె పుణ్యజీవితం గురించి ప్రార్థన కార్డుల మీద మీరు చదివే ఉంటారు. ఈ వారం ఆమె చదువు గురించి చెప్పాలనుకుంటున్నాను. ఒక విశ్వవిద్యాలయపు చదువు, పేదలకు చేసే సేవ, దేవుని పిలుపు అనే మూడింటినీ ఒకే తాడుగా పేనిన మనిషి ఆమె. ఈ రోజు మన కథోలిక కళాశాలల ముందున్న పెద్ద ప్రశ్న కూడా ఇదే కదా!

మేరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో పుట్టింది. తొమ్మిది మంది పిల్లలలో మూడవది. తరువాత ఆ కుటుంబం వాచెం అనే మారుమూల పల్లెకు తరలిపోయింది. ఆ ఇంట్లో రాత్రిపూట జపమాల చెప్పుకొనేటప్పుడు గురువుల కొరకు, వైద్యుల కొరకు కూడా ప్రార్థించే అలవాటును తల్లి నేర్పింది. గురువుల కొరకు ప్రార్థించని కథోలిక ఇల్లు ఉండదు. వైద్యుల కొరకు ప్రార్థించే ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే చెప్పాలి. మనం వైద్యుని తలచుకొనేది జ్వరం వచ్చినప్పుడే.

పిల్ల చురుకైనది. ఉపకార వేతనం సంపాదించి మెల్బోర్న్ నగరంలో చదువుకుంది, మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో చేరింది. మొదట ఎంచుకున్నది సాహిత్య, చరిత్ర శాస్త్రాల డిగ్రీ. వైద్యం వైపు మళ్లింది తరువాత, తండ్రి ప్రోత్సాహంతో. ఆ కాలంలో ఆడపిల్ల వైద్యశాస్త్రం చదవడమే విడ్డూరం. చదివినా, ఆసుపత్రుల్లో ఉద్యోగం ఇచ్చేవారు కారు. 1910లో పట్టా పుచ్చుకున్న మేరీ మొదటి శిక్షణకు సముద్రం దాటి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి వచ్చాక మెల్బోర్న్‌లో కంటి, చెవి వ్యాధుల ఆసుపత్రిలోను, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోను పనిచేసింది. పెద్ద వైద్యులందరూ కొలువుదీరే కాలిన్స్ వీధిలో సొంత వైద్యశాల కూడా పెట్టుకుంది. అంటే, పేరు, ఆదాయం, గౌరవం ఏదీ తక్కువ కాని స్థితి అన్నమాట. మనలో ఏ తల్లిదండ్రులైనా ఆ స్థాయికి వచ్చిన కూతురిని చూసి, ఇక మా బాధ్యత తీరింది అనుకొంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇండియాకు రాకముందే ఆమె సేవ ప్రారంభమైంది. 1916లో మెల్బోర్న్‌లో చదువుకున్న కథోలిక స్త్రీలు కొందరు కలిసి కథోలిక మహిళా సాంఘిక సేవాసంఘాన్ని స్థాపించారు. దాని మొదటి అధ్యక్షురాలు డాక్టర్ మేరీ గ్లౌరీ. అది మన ఊళ్లలో పండుగకు బట్టలు పంచే సంఘం వంటిది కాదు. ఆ సంఘపు స్త్రీలు చిన్న చిన్న బృందాలుగా కూర్చొని సాంఘిక సమస్యలను చదివేవారు. కార్మిక స్త్రీల జీతమెంత, వారి ఇళ్లు ఎట్లున్నాయి, శిశువులు ఎందుకు చనిపోతున్నారు, శ్రీసభ బోధ ఈ విషయాల్లో ఏమంటోంది అని. చదివిన దానిని పనిలో పెట్టేవారు. పనిలో ఎదురైన చిక్కులను మళ్లీ చదువు బల్ల మీదికి తెచ్చేవారు. ఇప్పుడు పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు సేవ ద్వారా నేర్చుకోవడం అని ఒక పాఠ్యాంశంగా పెట్టి, దానికి ఆచార్యులను నియమించి, మార్కులు వేస్తున్నది దీనికే. ఆ స్త్రీలకు మార్కులు వేసిన వారెవరూ లేరు.

అంతకు కొన్ని నెలల ముందే, 1915 అక్టోబరు 24న, ఒక చిన్న కరపత్రం ఆమె చేతికి వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ వైద్యురాలి జీవితం గురించినది. ఈమె అరవై ఏళ్లు దాటాక కథోలిక విశ్వాసంలోకి వచ్చి, డెబ్బై ఏళ్ల ప్రాయంలో రావల్పిండిలో స్త్రీల కోసం ఆసుపత్రి స్థాపనకు పాటుపడిన మనిషి. మన దేశంలో పురుష వైద్యుని ఎదుటకు రావడానికి అనేక కుటుంబాల స్త్రీలు ఒప్పుకొనేవారు కారు, ఇంటివారూ ఒప్పుకోనిచ్చేవారు కారు. కాన్పు కష్టమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవడమే. మెక్‌లారెన్ అడిగింది ఒక్కటే. వైద్యం చదివిన కన్యస్త్రీలు కావాలి. ఆ కరపత్రం చదివిన మేరీ మోకాళ్ల మీద కూలబడిందని ఆమె జీవిత చరిత్రకారులు రాశారు. తన చదువు ఎందుకో ఆ క్షణాన ఆమెకు తెలిసింది.

అయితే మేరీ వెంటనే పెట్టె సర్దుకోలేదు. నాకు ఆమెలో ఎక్కువగా నచ్చిన సంగతి ఇదే. ప్రపంచ యుద్ధం జరుగుతోంది, నగరంలో వైద్యుల కొరత ఉంది. ఆమె యేసు సభ గురువులైన ఫాదర్ విలియం లాకింగ్టన్ గారి ఆత్మోపదేశంలో ఉండి నాలుగేళ్లు ఆగింది. ఆ నాలుగేళ్లూ ఊరికే ఎదురుచూడలేదు. ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యం అంశాలుగా 1919లో ఎం.డి. పట్టా సంపాదించింది. ఇండియాలో తల్లులకు ఏది అవసరమో ఆ శాఖనే ఏరుకొని చదివింది. భక్తి ఉంటే చాలు, మిగతాది దేవుడే చూసుకుంటాడు అనే మాట మన మధ్య తరచు వినిపిస్తుంది. కాన్పు కష్టమై రక్తం పోతున్న తల్లికి భక్తి ఒక్కటే చాలదని డాక్టర్ మేరీకి తెలుసు. పేదవారికి ఇచ్చే వైద్యం ధనవంతులకు ఇచ్చే వైద్యం కంటే ఒక మెట్టు తక్కువగా ఉండవచ్చునని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

1920 జనవరి 21న ఓడ ఎక్కి, ఫిబ్రవరి 12న గుంటూరు చేరింది. 1904లో హాలండు నుండి వచ్చి గుంటూరులో స్థిరపడిన జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరింది. అక్కడ ఒక చిన్న మందులశాల ఉంది, సిస్టర్ల ఓర్పు ఉంది, రోజూ వాకిట్లో రోగులున్నారు. వైద్యురాలు లేదు.

ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఆనాటి శ్రీసభ చట్టం ప్రకారం సన్యాసినులు వైద్యవృత్తి చేయకూడదు. ప్రసూతి వైద్యం అసలే కూడదు. బ్రహ్మచర్య వ్రతానికి అది తగదని భావించేవారు. అంటే ఆమె వైద్యురాలిగా ఉంటే సన్యాసిని కాలేదు, సన్యాసిని అయితే వైద్యురాలిగా పనిచేయలేదు. మంచి కారణంతో పెట్టిన నియమమే కావచ్చు. కాని వేలమంది తల్లులు చనిపోతున్న చోట ఆ నియమం గోడ అయి నిలబడింది. మేరీ ఆ గోడను దూకలేదు, తిట్టలేదు, తలుపు తట్టింది. ఆనాటి జగద్గురువులు పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ప్రత్యేక అనుమతిని, ఆశీర్వాదాన్ని ఇచ్చారు. అట్లా వైద్య మిషనరీగా వృత్తి చేసిన మొదటి కన్యస్త్రీ వైద్యురాలు మన తెలుగు నేల మీద, గుంటూరులో పని మొదలుపెట్టింది. మిగతా ప్రపంచానికి ఆ తలుపు తెరుచుకొన్నది 1936లో. ఆ సంవత్సరం రోము నగరం నుండి వెలువడిన ఆదేశం కన్యస్త్రీలు ప్రసూతి సేవతో సహా వైద్యసేవ చేయడానికి దారి చూపింది. మిషను నియమం, విద్య రెండూ ఒక దారికి రావడానికి శ్రీసభకే పదహారేళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, మన కళాశాలల్లో జరిగే ఆలస్యాన్ని మనం కాస్త ఓర్పుతో చూడగలం.

నోవిషియేట్ ముగించుకొని ఆమె 1922 నుండి పూర్తిగా వైద్యంలో మునిగింది. మందులశాల ఆసుపత్రిగా పెరిగింది. పల్లెల నుండి ఎడ్ల బండ్ల మీద రోగులు వచ్చేవారు. రాలేనివారి కోసం ఆమే పల్లెలకు వెళ్లేది. కులం, మతం అడిగిన దాఖలా లేదు. ఈ మాట నేను ప్రత్యేకంగా చెబుతున్నాను. మతపరమైన లక్ష్యంతో సేవ అనగానే, రోగిని మంచం మీద పడుకోబెట్టి మతం చెప్పడమని బయటివారు అనుమానిస్తారు. మనవారిలోనూ కొందరు దానినే గొప్ప సువార్త సేవ అనుకుంటారు. సిస్టర్ మేరీకి మంచం మీద ఉన్న మనిషిలోనే క్రీస్తు ఉన్నాడు. ఆ మనిషికి తీసిపోని వైద్యం చేయడమే ఆమె ఆరాధన. అందుకే రోగులు లక్షల సంఖ్యలో వచ్చారు.

ఒంటరిగా ఎంతకాలం చేయగలదు? ఒక్క వైద్యురాలు, ఒక్క జత చేతులు. ఆమె స్థానిక యువతులను చేరదీసి మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగిని కనిపెట్టుకొని ఉండడం నేర్పింది. రోగుల మధ్యనే ఆ శిక్షణ సాగింది. పుస్తకం ఒక చోట, మంచం ఒక చోట అనే విభజన అక్కడ లేదు. తెలుగు పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు, అంతకు మునుపు బడి ముఖం చూడడమే భాగ్యమనుకున్న ఇళ్ల నుండి వచ్చిన వారు, తెల్ల బట్టలు కట్టుకొని నిలబడ్డారు. ఈనాడు మన విచారణల నుండి నర్సింగు చదువుకు వెళ్లే ఆడపిల్లలు ఎక్కువ. ఆ దారి వేసిన వారిలో ఈమె ఒకరు.

అక్కడితో ఆగినా ఆమెను మనం గొప్పగానే తలుచుకొనేవాళ్లం. కాని ఆమె దృష్టి గుంటూరు ప్రహరీ దాటింది. దేశమంతటా కథోలిక మందులశాలలు, ఆసుపత్రులు వెలిశాయి. చాలా చోట్ల సిస్టర్లున్నారు కాని శిక్షణ పొందిన కథోలిక వైద్యులు లేరు. ఒకరి కష్టం మరొకరికి తెలియదు. 1943 జూలై 29న, రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, పదహారు మంది సిస్టర్లను గుంటూరులో సమావేశపరచి కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. 1951 వరకు అధ్యక్షురాలిగా నడిపింది. ఆనాడు పదహారు మంది కన్యస్త్రీలు కూర్చుని మొదలుపెట్టిన ఆ సంఘం తరువాత సికింద్రాబాదు కేంద్రంగా 3,500కు పైగా సంస్థలు గల సంఘంగా ఎదిగింది. దేశంలోని ఆరోగ్య సేవా సంఘాల్లో అతి పెద్ద వాటిలో అది ఒకటి. దాని పుట్టిల్లు గుంటూరు అని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

సంఘం పెట్టడంలో ఆమె మనసులో ఉన్న పెద్ద కోరిక ఒక కథోలిక వైద్య కళాశాల. ఎందుకు? దేశంలో వైద్య కళాశాలలు అప్పటికే ఉన్నాయి కదా? ఆమె ఆలోచన ఇది. వైద్యుని చేతికి నైపుణ్యం ఎక్కడైనా నేర్పవచ్చు. కాని తల్లి గర్భంలోని ప్రాణానికీ, చావు మంచం మీది ముసలివానికీ ఒకే విలువ ఇచ్చే మనస్సాక్షి, పట్నం వదిలి పల్లెకు వెళ్లే తెగువ, చదువు అంతా అయ్యాక చివరలో అతికించేవి కావు. శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకొనే రోజుల నుండే అవి కూడా పెరగాలి. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన కాలంలో జ్ఞానం గొప్పదా, క్రియ గొప్పదా అని మేము గంటల తరబడి వాదించుకొనేవాళ్లం. సిస్టర్ మేరీ ఆ వాదనలోకి దిగినట్లు ఎక్కడా కనబడదు. ఆమెకు అంత తీరిక లేదు.

ఆ కళాశాలను ఆమె చూడలేదు. చివరి సంవత్సరాలు ఎముకల బాధతో, క్యాన్సరుతో గడిచాయి. ఎందరి నొప్పినో తగ్గించిన చేతులు తమ నొప్పిని మోస్తూ 1957 మే 5న బెంగళూరులో విశ్రమించాయి. ఇండియాకు వచ్చిన తరువాత ముప్పై ఏడేళ్లలో ఆమె ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. ఆమె పోయిన ఆరేళ్లకు, 1963లో, భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాలను ప్రారంభించింది. 2013 మార్చి 27న గుంటూరులో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు.

సెయింట్ జాన్స్‌లో ఏం చేశారో కొంచెం చూద్దాం. ఆమె కోరిక కాగితం మీద నిలిచిందా, నేల మీదికి దిగిందా తెలిసేది అక్కడే. వైద్య విద్యార్థులను మొదట్లోనే పల్లెకు తీసుకువెళ్లి కొన్ని రోజులు అక్కడే ఉంచుతారు. వారు వెళ్లేది చికిత్స చేయడానికి కాదు, వారికి అప్పటికి చికిత్స రాదు. నీళ్లు ఎక్కడి నుండి తెస్తున్నారు, ఏం తింటున్నారు, జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరకు వెళ్తున్నారు అని చూడడానికి. పట్టా పొందాక కొంతకాలం వైద్యం అందని ప్రాంతాల్లోని ఆసుపత్రులలో పనిచేయాలనే నియమం కూడా పెట్టారు. ఇది చదువుకు అనుబంధం కాదు, చదువులో భాగం. అయితే నియమం పెట్టినంత మాత్రాన మనసు మారుతుందని నేను చెప్పను. గడువు ఎప్పుడు తీరుతుందా అని క్యాలెండరు చూసుకొనేవారు ఎక్కడైనా ఉంటారు. గడువు తీరాక కూడా ఆ అడవి ఆసుపత్రిలోనే ఉండిపోయేవారూ ఉంటారు. పల్లె తలుపు ఒకసారి తట్టించడం వరకే కళాశాల చేయగలిగేది.

ఇక మన సంగతి. విజయవాడలో ఆంధ్ర లొయోలా 1954లో, మన విశాఖలో సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల 1958లో మొదలయ్యాయి. మరెన్నో కళాశాలలు వచ్చాయి. వీటిలో చదివి మంచి ఉద్యోగాలు చేస్తున్నవారు మన విచారణల్లో ఉన్నారు. 1969లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సేవా పథకాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో ప్రవేశపెట్టింది. 1990 ఆగస్టు 15న రెండవ జాన్ పాల్ పోపుగారు కథోలిక విశ్వవిద్యాలయాలను గూర్చి ఒక గొప్ప పత్రాన్ని వెలువరించారు. సత్యాన్వేషణ, పేదల పట్ల బాధ్యత అనేవి కథోలిక విశ్వవిద్యాలయానికి రెండు వేర్వేరు పనులు కావని దాని సారాంశం. 2020-21లో మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేశారు. ఇప్పుడు సేవ చేయించడం కథోలిక కళాశాలల ప్రత్యేకత కాదు. ప్రభుత్వ కళాశాలల్లోనూ అదే ఉంది.

మరి మన కళాశాలల్లో తేడా ఎక్కడ ఉండాలి? నిజం చెప్పుకుందాం. చాలా మంది పిల్లలకు ఆ 180 గంటలు ఒక రికార్డు పుస్తకం మాత్రమే. ప్రశ్నపత్రం పట్టుకొని పది ఇళ్లు తిరిగి, ఫోటోలు తీసుకొని, మిగిలిన ఇళ్ల వివరాలు చెట్టుకింద కూర్చొని నింపేవారు ఉన్నారు. నకలు రిపోర్టులు కూడా దొరుకుతాయని వింటున్నాం. అటువంటి వివరాలను నమ్ముకొని ఆ ఊరికి ఎవరైనా ఏదైనా చేయగలరా? బెల్లం వండే చోట పనిచేసే కూలీని పది నిమిషాలు ప్రశ్నలడిగి, అతని బాధలను గడులలో రాసుకొని, మళ్లీ ఆ వైపు తిరిగి చూడకపోతే, అది అతనికి చేసిన సేవ కాదు. అతని దగ్గర తీసుకున్న అప్పు. పొద్దున్న ఆధ్యాత్మిక తరగతి, మధ్యాహ్నం సేవా కార్యక్రమం, రెండింటికీ మధ్య ఒక్క మాట కూడా నడవని కళాశాల ఉంటే, దాని గేటు మీద సిలువ ఎంత పెద్దదైనా లాభం లేదు. మెల్బోర్న్‌లో ఆ స్త్రీలు చేసినట్లు, చూసిన దానిని తిరిగి బల్ల మీద పెట్టి, ఇది ఎందుకు ఇట్లా ఉంది, సువార్త దీని గురించి ఏమంటుంది, నా చదువు దీనికి ఏం చేయగలదు అని అడిగించే అధ్యాపకుడు ఒక్కరుంటే చాలు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అబ్బాయినో అమ్మాయినో కళాశాలలో చేర్చేటప్పుడు మీరు అడిగేది ఫీజు ఎంత, ఉద్యోగాలు వస్తాయా అని. అడగవలసినవే. అప్పు చేసి చదివిస్తున్నవారిని ఆదర్శాలతో బ్రతకమనడం సులభం, అది నేను చేయను. కాని సిస్టర్ మేరీ తండ్రి కూడా తొమ్మిది మంది పిల్లల్ని పెంచినవాడే. పట్నంలో సొంత వైద్యశాల ఉన్న కూతురు ముప్పై రెండేళ్ల వయసులో ఓడ ఎక్కుతానంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎట్లా గడిచిందో ఊహించుకోండి. మన ఇంట్లో డాక్టరు చదివే అమ్మాయి పాడేరు కొండల్లో రెండేళ్లు పనిచేస్తానంటే మనం ఏమంటాం? ఈ ప్రశ్నకు జవాబు నాకు చెప్పనక్కరలేదు, భోజనాల దగ్గర మీరే మాట్లాడుకోండి.

మీ ఇంట్లో ఈ వేసవికి ప్రాజెక్టు చేయవలసిన డిగ్రీ పిల్లలుంటే, తాము తిరగబోయే ఊరి పేరు ముందుగానే విచారణ కార్యాలయంలో చెప్పమనండి. మన సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘం సభ్యులు ఆ చుట్టుపక్కల ఇళ్లు ఎరుగుదురు, తోడు వస్తారు. రిపోర్టు పూర్తయ్యాక దాని ప్రతి ఒకటి ఆ ఊరి ఉపదేశికి ఇచ్చి రమ్మనండి. పింఛను రానివారు, మందులు ఆగిపోయినవారు, బడి మానేసిన పిల్లలు ఎవరెవరో అందులో ఉంటారు. ఆ పేర్లతో మనకు పని ఉంది.